ట్రక్కులో సొంత గాలి: కంప్రెసర్, ట్యాంకు, వైర్ల వెనుక ఉన్న లెక్క

ట్రక్కులో కంప్రెసర్ బిగించుకోవాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది "ఎంత ప్రెషర్ వస్తుంది?" అని. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చయ్యేది కూడా అదే: 150 పీఎస్ఐ, 200 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడి అన్న లెక్క). కొనేటప్పుడు కనిపించే అంకెల్లో అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం. మంచి సైకిల్ పంపుతో చేత్తో కొట్టినా 100 పీఎస్ఐ వస్తుంది. అదే పంపుతో ట్రక్కు టైరు నింపమంటే మాత్రం ఎవరైనా దండం పెట్టేస్తారు. ప్రెషర్ రాక కాదు, కొట్టిన ప్రతిసారీ లోపలికి వెళ్లే గాలి పిసరంత కాబట్టి.

నిమిషానికి ఎంత గాలి వస్తుంది, అది ఏ ప్రెషర్ దగ్గర వస్తుంది, ఆగకుండా ఎంతసేపు వస్తుంది. తేల్చుకోవాల్సినవి ఈ మూడు. ఇవి తేలితే ట్యాంకు కావాలా వద్దా, వైరు ఎంత లావు ఉండాలి, కంప్రెసర్ ఎక్కడ పెట్టాలి అన్నవి దాదాపు వాటంతటవే తేలిపోతాయి. ముందు సామాను కొనేసి తర్వాత ఆలోచిస్తే ఒకదానికొకటి పొసగని ముక్కలు చేతిలో మిగులుతాయి.

ముందు పని, తర్వాత కంప్రెసర్

ఇసుకలో, రాళ్ల దారిలో తిరిగే పికప్ ట్రక్కులకు టైర్లలో గాలి తగ్గించడం మామూలే. గాలి తగ్గితే టైరు నేలకు ఆనే చోటు పెరుగుతుంది. ఇసుకలో కూరుకుపోవడం, రాళ్ల మీద కుదుపు రెండూ తగ్గుతాయి. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు నింపాలి, లేకపోతే మెత్తబడ్డ టైరు వేగానికి వేడెక్కి పాడవుతుంది. చాలామందికి కంప్రెసర్ అవసరం ఇక్కడే మొదలవుతుంది. కొందరికి ఎయిర్ హారన్లు కావాలి, కొందరికి వెనుక బరువు మోసే ఎయిర్ బ్యాగులు, గాలితో పనిచేసే డిఫరెన్షియల్ లాకర్లు (ఒకే ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేవి) కావాలి. దారిలో రిపేర్లు చేసేవాళ్లకు ఇంపాక్ట్ రెంచ్ తిరగాలి.

అన్నీ గాలితో నడిచేవే అయినా వీటి ఆకలి ఒకటి కాదు. లాకరుకు సుమారు 100 పీఎస్ఐ కావాలి గానీ గాలి గుక్కెడు చాలు. టైరుకు 35 పీఎస్ఐ సరిపోతుంది గానీ గాలి బోలెడు పోయాలి. ఇంపాక్ట్ రెంచ్‌కు ప్రెషరూ కావాలి, గాలీ కావాలి.

టైరు లెక్క ఒకసారి చేసి చూద్దాం, మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి. గేజ్ సున్నా చూపిస్తున్నా మన చుట్టూ ఉన్న వాతావరణం 14.7 పీఎస్ఐ ఒత్తిడితో ఉంటుంది. అంటే టైరులో ప్రెషర్ ప్రతి 14.7 పీఎస్ఐ పెరగాలన్నా, ఆ టైరు లోపలి చోటుకు సమానమైన బయటి గాలిని లోపలికి తొయ్యాలి. పికప్ టైరులో 60 లీటర్ల చోటు ఉందనుకుందాం. 15 పీఎస్ఐ నుంచి 35కి తేవాలంటే 20 పీఎస్ఐ పెంచాలి. 20ని 14.7తో భాగించి 60తో హెచ్చిస్తే సుమారు 82 లీటర్లు. నాలుగు టైర్లకు దాదాపు 330 లీటర్ల బయటి గాలి కావాలి.

నిమిషానికి 60 లీటర్లు ఇస్తుందని రాసి ఉన్న కంప్రెసర్ ఈ పనిని ఐదున్నర నిమిషాల్లో ముగించాలి. కానీ ముగించదు. ఆ 60 లీటర్లు ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పుడు కొలిచిన లెక్క. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు తలభాగంలో కొద్దిగా చోటు మిగిలిపోతుంది. అందులో ఇరుక్కున్న గాలి పిస్టన్ కిందికి దిగేటప్పుడు మళ్లీ వ్యాకోచించి, కొత్త గాలి రావాల్సిన చోటును తినేస్తుంది. ఎదురు ప్రెషర్ పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. దానికి తోడు మోటారు వేగం తగ్గుతుంది, పిస్టన్ రింగుల పక్క నుంచి జారిపోయే గాలి ఎక్కువవుతుంది. అందుకే సున్నా దగ్గర 60 లీటర్లు ఇచ్చేది 30 పీఎస్ఐ దగ్గర 45 లీటర్లకు పడిపోవచ్చు, 100 దగ్గర సగమే ఇవ్వవచ్చు. కచ్చితమైన తగ్గుదల ఆయా కంప్రెసర్‌ను బట్టి ఉంటుంది. మంచి తయారీదారులు ఏ ప్రెషర్ దగ్గర ఎంత గాలో పట్టిక రూపంలో ఇస్తారు. ఆ పట్టిక ఇవ్వని కంప్రెసర్ కొనకపోవడమే మేలు. సీఎఫ్ఎం అని రాసి ఉంటే అది నిమిషానికి ఘనపుటడుగుల లెక్క, ఒక సీఎఫ్ఎం అంటే 28.3 లీటర్లు.

పెద్ద లారీ టైరు సంగతి పూర్తిగా వేరు. లోపల 140 లీటర్ల చోటున్న టైరును 60 పీఎస్ఐ నుంచి 100కి తేవాలంటే 380 లీటర్ల గాలి పడుతుంది. పికప్ నాలుగు టైర్లకు కలిపి పట్టే గాలి కంటే ఈ ఒక్క టైరుకే ఎక్కువ. అదీ కంప్రెసర్ బలం సగానికి తగ్గిపోయే ప్రెషర్ దగ్గర. చిన్న 12 వోల్టుల కంప్రెసర్లు లారీ టైర్ల దగ్గర చతికిలబడటానికి కారణం ఇదే.

పనిముట్ల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. అర అంగుళం ఇంపాక్ట్ రెంచ్ మీద 90 పీఎస్ఐ దగ్గర 4 లేదా 5 సీఎఫ్ఎం అని రాసి ఉంటుంది. అది రెంచ్‌ను నొక్కుతూ వదులుతూ వాడినప్పటి సగటు. నొక్కి పట్టుకుంటే దానికి నాలుగైదు రెట్లు తాగుతుంది. చక్రం నట్లు విప్పడం కొన్ని సెకన్ల పని కాబట్టి అక్కడ సర్దుకుపోతుంది. శాండర్, గ్రైండర్ లాంటివి నిమిషాల తరబడి ఆగకుండా తిరుగుతాయి కనుక వాటిని మామూలు ఎలక్ట్రిక్ కంప్రెసర్‌తో నడపాలనే ఆలోచన మానుకోవాలి.

ట్యాంకు ఎప్పుడు, ఎందుకు

ట్యాంకు గాలిని పుట్టించదు. దాచి ఉంచుతుంది, ఒక్కసారిగా వదులుతుంది. ఇంత చిన్న విషయం మరిచిపోయి చాలామంది టైర్ల కోసమని పెద్ద ట్యాంకు పెట్టించుకుంటారు.

పది లీటర్ల ట్యాంకు తీసుకోండి. అది 145 పీఎస్ఐ నుంచి 100కి దిగేసరికి ఇచ్చే గాలి 31 లీటర్లు. పైన చెప్పిన ఒక్క పికప్ టైరుకు 82 లీటర్లు కావాలి. ట్యాంకు ఇచ్చింది ఇచ్చాక మిగతా పనంతా మళ్లీ కంప్రెసర్ నెత్తినే. పైగా ఖాళీ ట్యాంకును 145 దాకా నింపడానికి 99 లీటర్ల గాలి కావాలి. టైరులోకి పోవాల్సిన గాలిని ముందు ట్యాంకులో పోసి, అదీ టైరుకు అవసరం లేని ఎక్కువ ప్రెషర్‌కు నొక్కి, కంప్రెసర్‌ను రెండింతలు కష్టపెడుతున్నామన్నమాట.

మరి ట్యాంకు ఎవరికి? హారన్ మోగించేవాళ్లకు తప్పనిసరి. పెద్ద హారన్‌కు ఒక్క సెకనులో కావాల్సిన గాలిని ఏ చిన్న కంప్రెసరూ నేరుగా ఇవ్వలేదు. ఇంపాక్ట్ రెంచ్‌కు కావాలి. రిమ్ము నుంచి ఊడిన టైరు అంచును తిరిగి కూర్చోబెట్టడానికి ఒక్క ఊపున గాలి తొయ్యాలి, అక్కడా ట్యాంకే దిక్కు. ఎయిర్ బ్యాగులు, లాకర్లు ఉన్నచోట చిన్న ట్యాంకు ఉంటే చిటికెడు గాలి వాడిన ప్రతిసారీ కంప్రెసర్ మేల్కోనక్కర్లేదు. మోటారు ఆన్, ఆఫ్ అయ్యే సార్లు తగ్గితే దాని ఆయుష్షు పెరుగుతుంది.

టైర్లకు గాలి కొట్టుకోవడం ఒక్కటే పని అయితే ట్యాంకు లేకుండా మంచి కంప్రెసర్, పొడవాటి హోస్ పైపు పెట్టుకోవడమే నేను సూచించేది. ట్యాంకుకు పెట్టే డబ్బుతో ఒక మెట్టు పెద్ద కంప్రెసర్ వస్తే ఇంకా మంచిది. కీళ్లు తగ్గితే లీకులు తగ్గుతాయి.

వేడి అనే అసలు శత్రువు

గాలిని నొక్కితే వేడెక్కుతుంది, అదీ కొద్దిగా కాదు. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న గాలిని వేడి బయటికి పోనివ్వకుండా 100 పీఎస్ఐకి నొక్కితే సిద్ధాంతం ప్రకారం సుమారు 270 డిగ్రీలకు చేరుతుంది. 35 పీఎస్ఐకే నొక్కితే 155 డిగ్రీల ప్రాంతంలో ఆగుతుంది. నిజమైన కంప్రెసర్‌లో సిలిండర్ రెక్కల గుండా కొంత వేడి బయటికి పోతుంది కాబట్టి అంత రాదు. అయినా టైరు నింపడానికీ, ట్యాంకు నింపడానికీ మధ్య కంప్రెసర్ పడే బాధలో ఎంత తేడా ఉందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

చిన్న కంప్రెసర్లలో చాలా వాటికి నూనె ఉండదు. పిస్టన్ చుట్టూ టెఫ్లాన్ రకం రింగు ఉంటుంది. ఏ పక్కకు తిప్పి బిగించినా నడుస్తాయి, గాలిలో నూనె కలవదు. అయితే ఆ రింగుకూ వాల్వ్ రేకులకూ వేడే యముడు. అందుకే డ్యూటీ సైకిల్ అనే అంకె ఇస్తారు. 100 పీఎస్ఐ దగ్గర 33 శాతం అంటే, మొత్తం సమయంలో మూడో వంతు మాత్రమే నడవాలి. పావుగంట నడిస్తే అరగంట విశ్రాంతి ఇవ్వాలి. 100 శాతం అని ఉన్నా ఏ ప్రెషర్ దగ్గర, ఎంత ఉష్ణోగ్రతలో అన్నది కలిపి చదవాలి. చల్లని గదిలో కొలిచిన 100 శాతం, ఇంజిన్ పక్కన మరుగుతున్న బానెట్ కింద 100 శాతంగా మిగలదు.

మంచి మోటార్లలో వేడి మితిమీరితే తనంతట తానే ఆగిపోయే థర్మల్ స్విచ్ ఉంటుంది. చివరి టైరు దగ్గర కంప్రెసర్ హఠాత్తుగా ఆగిపోతే చాలామంది కంగారుపడి ఫ్యూజు వెతుకుతారు. ముందు చల్లారనివ్వాలి. ప్రతిసారీ అలా ఆగుతుంటే మాత్రం కంప్రెసర్ ఆ పనికి చిన్నదని అర్థం.

ఎత్తైన కొండ దారుల్లో ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. 3000 మీటర్ల ఎత్తులో వాతావరణ పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో 70 శాతమే. పిస్టన్ ఒక్క గుక్కలో లాక్కునే గాలి ఆ మేరకు పలచన. పని ఎక్కువసేపు సాగుతుంది, పలచని గాలి మోటారును సరిగా చల్లబరచదు కూడా.

గాలి ఎక్కడి నుంచి తేవాలి

బ్యాటరీతో నడిచే కంప్రెసర్ ఎక్కువమందికి సరిపోతుంది. బిగించడం తేలిక, ఏ ట్రక్కుకైనా పడుతుంది.

ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ దీనికి పైమెట్టు. పాత ట్రక్కుల ఏసీ కంప్రెసర్‌ను గాలి కోసం మార్చుకునే పద్ధతి ఆఫ్‌రోడ్ వాళ్లలో చాలాకాలంగా ఉంది. వాళ్లు యార్క్ కంప్రెసర్ కోసం వెతకడానికి సరైన కారణమే ఉంది. దాని అడుగున సొంత నూనె తొట్టి ఉంటుంది, ఇంజిన్ లాగే తన నూనెతో తానే నడుస్తుంది. శాండెన్ లాంటి ఏసీ కంప్రెసర్లు ఏసీ గ్యాస్‌తో కలిసి తిరిగే నూనె మీద ఆధారపడతాయి. గ్యాస్ తీసేసి ఉత్త గాలి లాగితే ఆ నూనె అందక లోపలి భాగాలు అరిగిపోతాయి. కాబట్టి వాటికి ముందు నూనె చుక్కలు వేసే ఏర్పాటు, తర్వాత గాలి నుంచి నూనె వేరుచేసే ఏర్పాటు రెండూ పెట్టాలి. బెల్టు కంప్రెసర్ గాలి బాగా ఇస్తుంది, ఇంజిన్ వేగం పెంచితే ఇంకా ఇస్తుంది. కష్టమల్లా బ్రాకెట్ చేయించడం, పుల్లీలను ఒకే వరుసలోకి తేవడం. చోటు లేని కొత్త ఇంజిన్ల మీద ఇది చాలాసార్లు కుదరదు.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మూడో దారి. ఒక కిలో ద్రవం ఆవిరైతే మామూలు ఉష్ణోగ్రతలో సుమారు 540 లీటర్ల గ్యాస్ వస్తుంది. నాలుగున్నర కిలోల సిలిండర్ మన 330 లీటర్ల లెక్కను ఏడుసార్లు తీర్చగలదు. వైరు లేదు, మోటారు లేదు, చప్పుడు లేదు, టైరు చకచకా నిండుతుంది. అయిపోతే నింపించుకోవాల్సిందే. లోపలి ప్రెషర్ 20 డిగ్రీల దగ్గరే సుమారు 57 బార్ (ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ) ఉంటుంది, 31 డిగ్రీలు దాటాక లోపల ద్రవం, ఆవిరి అనే తేడా పోయి ప్రెషర్ ఇంకా వేగంగా ఎక్కుతుంది. కాబట్టి ఎండలో మూసి ఉంచిన క్యాబిన్‌లో దీన్ని పెట్టకూడదు. లీకైతే ఊపిరాడదు, అది రెండో కారణం. వాడేటప్పుడు సిలిండర్ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే ద్రవం నేరుగా ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్‌లోకి వచ్చి గడ్డకట్టిస్తుంది.

ఎయిర్ బ్రేకులున్న పెద్ద ట్రక్కుల్లో ఇంజిన్ కంప్రెసర్ ముందే ఉంటుంది. దాని గురించి చివర్లో విడిగా చెబుతాను, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగితే పోయేది బ్రేకులు.

వైర్ల దగ్గర పొదుపు వద్దు

ఎలక్ట్రిక్ కంప్రెసర్ సరిగా పనిచెయ్యడం లేదన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం వైరులోనే ఉంటుంది. ఒక మోస్తరు కంప్రెసర్ 30 ఆంపియర్లు తీసుకుంటుంది, రెండు సిలిండర్లది 50 దాకా తీసుకోవచ్చు. సిగరెట్ లైటర్ సాకెట్‌కు మామూలుగా 10 నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజే ఉంటుంది. అక్కడ గుచ్చి నడిపే మాట మరిచిపోవాలి.

బ్యాటరీ ముందు, కంప్రెసర్ వెనుక తొట్టిలో ఉందనుకోండి. మధ్య 5 మీటర్లు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కనుక లెక్కకు 10 మీటర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే దాని నిరోధం 0.043 ఓమ్. 30 ఆంపియర్ల దగ్గర 1.3 వోల్టులు దారిలోనే ఆవిరవుతాయి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 వోల్టులు ఇస్తుంటే మోటారుకు చేరేది 11.1 మాత్రమే. మోటారు నెమ్మదిస్తుంది, గాలి తగ్గుతుంది, పని ఎక్కువసేపు సాగి వేడి పెరుగుతుంది. ఎదురుగా ప్రెషర్ ఉన్నప్పుడు మొదలవ్వాల్సి వస్తే కదలలేక మొరాయించి ఫ్యూజు కొట్టేస్తుంది. అదే దూరానికి 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం 0.3 వోల్టులకు దిగుతుంది. కంప్రెసర్ మార్చకుండానే కొత్త కంప్రెసర్ వచ్చినట్టు ఉంటుంది. నెగటివ్ వైరును చాసిస్‌కు బిగిస్తే ఆ చోట పెయింటు గీకి, మెరిసే లోహం మీద బిగించి, తుప్పు పట్టకుండా గ్రీజు పూయాలి.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. అది కాపాడేది మోటారును కాదు, వైరును. కంప్రెసర్ దగ్గర ఫ్యూజు పెడితే మధ్యలో వైరు ఎక్కడైనా చాసిస్‌కు రాసుకుని షార్ట్ అయినప్పుడు ఆపేవాడు ఉండడు, మంటలే. ఫ్యూజు అంకె కంప్రెసర్ తీసుకునే కరెంటు కంటే కాస్త ఎక్కువగా, వైరు మోయగలిగిన దానికంటే తక్కువగా ఉండాలి.

అంత కరెంటును డ్యాష్‌బోర్డ్ స్విచ్ గుండా పంపకూడదు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వాడాలి. మోటారు కరెంటు రిలే మీద 30, 87 అని రాసి ఉన్న టెర్మినళ్ల గుండా పోతుంది. 85, 86 మధ్య ఉన్న కాయిల్‌కు ఒక సన్నని వైరు చాలు. ట్యాంకు ఉంటే, ప్రెషర్‌ను బట్టి మోటారును ఆన్, ఆఫ్ చేసే ప్రెషర్ స్విచ్ ఆ సన్నని వైరు దారిలోనే రావాలి. ఆ కాయిల్‌కు కరెంటు ఇంజిన్ తాళం తిప్పితేనే వచ్చేలా పెట్టడం మరిచిపోవద్దు. లేకపోతే రాత్రి ఎక్కడో చిన్న లీకు ఉన్నా, గంటకోసారి కంప్రెసర్ లేచి నడిచి తెల్లారేసరికి బ్యాటరీని పిండేస్తుంది.

24 వోల్టుల ట్రక్కులో 24 వోల్టుల కంప్రెసరే పెట్టాలి. అదే పనికి కరెంటు సగమే కావాలి, ఒకే వైరులో పోయే నష్టం పావు వంతుకు తగ్గుతుంది. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రమే 12 వోల్టులు లాగితే ఒకటి ఎప్పుడూ ఆకలితో, రెండోది అతి చార్జింగుతో ఉండి రెండూ త్వరగా పోతాయి.

గాలి నడిచే దారి

ట్యాంకు ఉన్న ఏర్పాటులో వరుస ఇలా ఉంటుంది. కంప్రెసర్ నుంచి ముందు ఒక స్టీలు జడ అల్లిన గొట్టం, ఎందుకంటే అక్కడ గాలి కాలిపోతూ వస్తుంది, ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి ఊడిపోతుంది. తర్వాత చెక్ వాల్వ్. అది ట్యాంకులోని గాలి వెనక్కి వచ్చి కంప్రెసర్ తలమీద కూర్చోకుండా ఆపుతుంది. ఆ తర్వాత ట్యాంకు. ట్యాంకుకు సేఫ్టీ వాల్వ్, ప్రెషర్ స్విచ్, గేజ్, అట్టడుగున నీళ్లు వదిలే కాక్ ఉండాలి. అక్కడి నుంచి నైలాన్ గొట్టాలు హారన్‌కో, వెనుక బంపరు దగ్గర పెట్టిన, హోస్ తగిలించే కప్లర్‌కో వెళ్తాయి. పనిముట్లు వాడేవాళ్లు మధ్యలో 90 పీఎస్ఐకి సెట్ చేసిన రెగ్యులేటర్ పెట్టుకోవాలి.

ప్రెషర్ స్విచ్‌కు రెండు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 110 దగ్గర మోటారును లేపి, 145 దగ్గర ఆపుతుంది. రెండింటి మధ్య దూరం మరీ తక్కువైతే మోటారు మాటిమాటికీ లేస్తుంది. ఎంచుకున్న కంప్రెసర్ 145కి సునాయాసంగా చేరగలదా అన్నది ముందే చూసుకోవాలి. దాని గరిష్ఠం 150 అయితే చివరి పది పీఎస్ఐ కోసం నిమిషాల తరబడి మూలుగుతుంది. అప్పుడు స్విచ్‌ను 90, 120 లాంటి అంకెలకు దించుకోవడం తెలివైన పని.

మరల దగ్గర ఒక్క హెచ్చరిక. పైపు మరల్లో ఎన్‌పీటీ (అమెరికా పద్ధతి), బీఎస్‌పీ (బ్రిటిష్ పద్ధతి) అనే రెండు రకాలు చూడటానికి ఒకేలా ఉంటాయి. కోణం మొదటిదానిలో 60 డిగ్రీలు, రెండోదానిలో 55. పావు అంగుళం సైజులో అంగుళానికి మరలు 18, 19. రెండు చుట్లు ఎక్కి బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, గాలి మాత్రం ఆగదు. అన్నీ ఒకే రకంలో కొనండి. టెఫ్లాన్ టేపు మొదటి మర వదిలి చుట్టాలి, లేకపోతే దాని పోగులు తెగి వాల్వుల్లో ఇరుక్కుంటాయి.

కంప్రెసర్‌ను ఎక్కడ పెట్టాలన్నదానికి అందరికీ సరిపడే జవాబు లేదు. బానెట్ కింద పెడితే వైరు పొట్టిగా సరిపోతుంది, వేడి ఎక్కువ. సీటు కింద పెడితే దుమ్ము, నీళ్లు అంటవు, చప్పుడు భరించాలి, గాలి ఆడేలా చూడాలి. చాసిస్ కింద చోటు దొరుకుతుంది, కానీ బురద, రాళ్లు, వాగు నీళ్లు అన్నీ దాని మీదే పడతాయి. నేనైతే క్యాబిన్ లోపలికో, మూత ఉన్న పెట్టెలోకో మొగ్గుతాను. ఎక్కడ పెట్టినా గాలి పీల్చే ఫిల్టరును గొట్టంతో ఎత్తైన, పొడి చోటుకు తీసుకెళ్లొచ్చు. కంప్రెసర్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు ఉంచాలి, వాటిని నలిగిపోయేలా బిగిస్తే అదురు ఆగదు.

నీళ్లు, పేలుడు

ట్యాంకులోకి నీళ్లు గాలితోపాటే వస్తాయి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. తేమ 60 శాతం ఉన్న రోజున అందులో 18 గ్రాములు ఉంటుంది. ఆ ఘనమీటరును తొమ్మిదో వంతుకు నొక్కి, తిరిగి 30 డిగ్రీలకు చల్లారనిస్తే ఆ కొద్ది చోటు మూడున్నర గ్రాములే పట్టుకోగలదు. మిగతా పద్నాలుగు గ్రాములకు పైగా నీళ్లై ట్యాంకు అడుగున చేరుతుంది. స్టీలు ట్యాంకును లోపలి నుంచి తినేసేది ఇదే, చలి ప్రాంతాల్లో వాల్వుల్లో గడ్డకట్టేదీ ఇదే. కాక్ అట్టడుగున ఉండాలి, చెయ్యి సులువుగా అందాలి. అందకపోతే ఎవరూ తెరవరు.

10 లీటర్ల ట్యాంకులో 10 బార్ గాలి ఉంటే అందులో దాగిన శక్తి సుమారు 13 కిలోజౌళ్లు. వంద కిలోల బరువు 13 మీటర్లకు పైగా ఎత్తు నుంచి కింద పడితే వచ్చే దెబ్బ అది. ట్యాంకులను పరీక్షించేటప్పుడు నీళ్లతో నింపి ప్రెషర్ ఎక్కించడానికి కారణం ఇదే. నీళ్లు దాదాపు నొక్కుకుపోవు కాబట్టి శక్తి దాచుకోవు, పగిలితే చీలి కారిపోతుంది అంతే. గాలైతే ముక్కలు ఎగురుతాయి. అందుకని పాత గ్యాస్ బండలు, మంటలార్పే సిలిండర్లు, గుర్తు తెలియని డబ్బాలు వాడకండి. రేటింగ్ ముద్ర ఉన్న ట్యాంకే కావాలి, దానికి వెల్డింగ్ తగలకూడదు. పీవీసీ పైపు గాలికి ఎంతమాత్రం పనికిరాదు. దాని మీద రాసి ఉన్న ప్రెషర్ నీళ్లకు ఇచ్చింది, గాలితో పగిలితే పదునైన ముక్కలై ఎగురుతుంది.

సేఫ్టీ వాల్వ్ స్విచ్ ఆగే అంకె కంటే పైన, ట్యాంకు రేటింగ్ దాటకుండా తెరుచుకోవాలి. 145 దగ్గర స్విచ్ ఆగితే, 200 రేటింగ్ ట్యాంకుకు 165 లేదా 175 వాల్వ్ సరిపోతుంది. రిలే లోపలి కాంటాక్టులు కరిగి అతుక్కుపోయి మోటారు ఆగని రోజున ట్రక్కును కాపాడేది ఇదొక్కటే. దాన్ని ట్యాంకుకే బిగించాలి, మధ్యలో ఏ కాక్ కూడా ఉండకూడదు.

ఎయిర్ బ్రేకుల ట్రక్కులో

పెద్ద ట్రక్కుల్లో ఇంజిన్ కంప్రెసర్‌ను గవర్నర్ అదుపు చేస్తుంది. మామూలుగా 100 పీఎస్ఐ దగ్గర గాలి నింపడం మొదలుపెట్టి 120 నుంచి 135 మధ్య ఆపుతుంది. 60 ప్రాంతానికి పడిపోతే హెచ్చరిక లైటు వెలుగుతుంది. ఇంకా పడి 20 నుంచి 45 మధ్యకు వస్తే స్ప్రింగు బ్రేకులు (గాలి ఒత్తిడి ఉన్నంతసేపే వదిలి ఉండేవి) తమంతట తామే పట్టేస్తాయి. గాలి కావాల్సినంత ఉంది కదా అని బ్రేకు ట్యాంకుకు ఒక టీ ముక్క బిగించి హారన్‌కు లాగడం ప్రమాదం. ఆ సన్నని గొట్టం తెగితే బ్రేకుల గాలీ దానితోపాటే పోతుంది.

చెయ్యాల్సింది ప్రెషర్ ప్రొటెక్షన్ వాల్వ్ పెట్టడం. ట్యాంకులో ప్రెషర్ ఒక గీత కిందికి దిగగానే అది అదనపు సామాను వైపు దారి మూసేస్తుంది, మిగిలిన గాలి బ్రేకులకే ఉంటుంది. ఆ గీత హెచ్చరిక లైటు వెలిగే అంకె కంటే పైన ఉండాలి. వాల్వ్ ట్యాంకు దగ్గరే ఉండాలి, గొట్టం చివర కాదు. చాలా ట్రక్కుల్లో తయారీదారులే అదనపు సామాను కోసం ఇలాంటి రక్షణతో ఒక పోర్టు వదులుతారు. ముందు ఆ పోర్టు కోసం మాన్యువల్‌లో వెతకాలి. దొరక్కపోతే ఈ పనిని బ్రేకుల మెకానిక్‌కు అప్పగించడమే సరి.

లీకు పట్టడం

బిగించడం పూర్తయ్యాక ట్యాంకు నింపి, ప్రతి కీలు మీద సబ్బు నురగ పూయండి. బుడగలొచ్చిన చోటు తెలుస్తుంది. కనిపించని సన్నని లీకులు రాత్రంతా వదిలితేనే బయటపడతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. అప్పుడే నింపిన ట్యాంకు వెచ్చగా ఉంటుంది. 145 పీఎస్ఐ దగ్గర 40 డిగ్రీలున్న గాలి రాత్రికి 20 డిగ్రీలకు చల్లారితే, చుక్క గాలి బయటికి పోకుండానే గేజ్ పది పీఎస్ఐ తక్కువ చూపుతుంది. అది తెలియక ఉన్న కీళ్లన్నీ విప్పి మళ్లీ బిగించేవాళ్లున్నారు. ట్యాంకు చల్లారాక ఒకసారి గేజ్ చూసి రాసుకోండి, మర్నాడు అదే ఉష్ణోగ్రత ఉన్న వేళకు మళ్లీ చూడండి. అప్పటికీ పడితే ముందు అనుమానించాల్సింది నైలాన్ గొట్టం చివరలను. బ్లేడుతో ఏటవాలుగా కోసిన గొట్టం లోపలి రబ్బరు రింగు మీద సరిగా కూర్చోదు. నిలువుగా కోసి మళ్లీ దోపితే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత కప్లర్, నీళ్ల కాక్, చివరగా చెక్ వాల్వ్. చెక్ వాల్వ్ కారుతోందేమో చూడాలంటే ట్యాంకు నిండి ఉండగా కంప్రెసర్ గాలి పీల్చే ఫిల్టరు తీసి వేలు అడ్డం పెట్టండి. మోటారు ఆగి ఉన్నా గాలి తగిలితే దాన్ని మార్చేయండి.